పడక లెక్క, గుమ్మం లెక్క: మహమ్మారిలో ఎమర్జెన్సీ విభాగం, రోగుల రిజిస్ట్రీ

ఉపయోగం: మెయిన్స్ వ్యాసం పేపర్, జీఎస్-1 (ఆధునిక చరిత్ర, జనాభా), జీఎస్-2 (ఆరోగ్యం, పాలన), జీఎస్-4 (నైతికత). గ్రూప్-1 వ్యాసానికీ పనికొస్తుంది.



2021 ఏప్రిల్ చివరి వారం. నేను ఫరీదాబాద్‌లో మా మామయ్య వాళ్లింట్లో ఉండి ప్రిలిమ్స్‌కి చదువుకుంటున్నాను. పరీక్ష జూన్ 27న ఉంది. తర్వాత అది అక్టోబర్ 10కి వాయిదా పడిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మామయ్యకు జ్వరం వచ్చి ఐదో రోజు. ఆక్సీమీటరు 91 చూపించింది. ఆటోలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను పొడుగాటి నోటు పుస్తకంలో పేరు, ఫోన్ నంబరు, టైము రాసుకున్నాడు. లోపల ఎమర్జెన్సీలో డాక్టరు గారు దూరం నుంచే చూసి, "బెడ్ లేదు, ఇంకో చోట చూసుకోండి" అన్నారు. అప్పటికే అక్కడ నేలమీద కూడా రోగులున్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. రెండో ఆసుపత్రిలో రాత్రి పదకొండు దాటాక చోటు దొరికింది. పన్నెండు రోజుల తర్వాత మామయ్య ఇంటికొచ్చారు.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న వేసుకోండి. ఆ రోజు మామయ్య ఏ లెక్కలో ఉన్నారు? రెండో ఆసుపత్రి లెక్కలో ఉన్నారు. మొదటి ఆసుపత్రి లెక్కలో ఆయన గేటు పుస్తకంలోని ఒక పేరు మాత్రమే. 91 శాతం ఆక్సిజన్‌తో వచ్చి వెనక్కి వెళ్లిన మనిషి ఏమయ్యాడో ఆ ఆసుపత్రికి ఎప్పటికీ తెలియదు. అలా వెనక్కి వెళ్లిన వందమందిలో ఎంతమంది బతికారో తెలియకపోతే, నూటొకటో మనిషి విషయంలో డాక్టరు తీసుకునే నిర్ణయం మెరుగుపడేది ఎలా?

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మహమ్మారిలో మన దేశం పడక దగ్గర లెక్క రాయడం నేర్చుకుంది, గుమ్మం దగ్గర రాయడం ఇంకా నేర్చుకోవాలి. ఎమర్జెన్సీ విభాగం అంటే ఆ గుమ్మమే.

1. రిజిస్ట్రీ అంటే ఏమిటి?

మూడు మాటల మధ్య తేడా ముందు స్పష్టం చేసుకుందాం. పరీక్షలో చాలామంది ఇక్కడే కలగాపులగం చేస్తారు.

- కేస్ షీటు: ఒక రోగి గురించి ఒక ఆసుపత్రి రాసుకునేది. అది ఆ రోగి చికిత్స కోసం.
- నిఘా వ్యవస్థ: ఏ జిల్లాలో ఎన్ని కేసులు వచ్చాయో చెప్పేది. 2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం ఈ కోవలోది. "ఎన్ని?" అన్న ప్రశ్నకు ఇది జవాబిస్తుంది.
- రోగుల రిజిస్ట్రీ: ఒకే రకం సమస్యతో వచ్చిన రోగులందరినీ అనేక ఆసుపత్రుల్లో ఒకే ప్రశ్నలు అడిగి, ఒకే నిర్వచనాలతో రాసి, చివరికి ఏమయ్యారో దాకా వెంబడించేది. "ఎవరికి, ఏ స్థితిలో, ఏమైంది?" అన్నది దీని ప్రశ్న.

రిజిస్ట్రీ బలమంతా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి, అందరికీ ఒకే ప్రశ్న. రెండు, చివరిదాకా వెంబడించడం. ఈ రెండిట్లో ఏది లేకపోయినా అది మరో నోటు పుస్తకమే.

2. చరిత్ర: గడి తప్పయితే మరణం కనబడదు

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే దీపం పట్టుకున్న నర్సు గుర్తొస్తుంది. పరీక్ష రాసేవాళ్లకు ఆమె గణాంకవేత్తగా గుర్తుండాలి. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందుకు ఆమె ప్రతిపాదన ఒకటి వచ్చింది. ఆసుపత్రులన్నీ ఒకే నమూనా పత్రంలో వ్యాధులు, ఫలితాలు నమోదు చేయాలన్నది దాని సారాంశం. ఒక్కో ఆసుపత్రి ఒక్కో తీరుగా రాస్తే ఏది మెరుగో పోల్చలేమని ఆమె వాదన. భారతదేశంలోని సైన్యపు ఆరోగ్య పరిస్థితిపై 1863లో వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక వెనుకా ఆమె కృషి ఉంది.

పోల్చలేకపోతే ఏమవుతుందో 1918 చూపించింది. ఆ ఏడాది ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా ప్రాణాలు తీసిందని చరిత్రకారుల అంచనాలు. అంచనాల మధ్య అంత తేడా ఎందుకు? పల్లెల్లో మరణాలు రాసేది వైద్యుడు కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ పని గ్రామ మునసబుది. ఆయన పుస్తకంలో కలరాకు గడి ఉంది, మశూచికి గడి ఉంది, ప్లేగుకు గడి ఉంది. ఇన్‌ఫ్లుయెంజా చావుల్లో అధిక భాగం "జ్వరాలు" అన్న పెద్ద గడిలోకి వెళ్లిపోయాయి.

చివరికి ఆ విషాదం పూర్తి స్థాయిలో బయటపడింది జనాభా లెక్కల్లో. 1911లో 25.21 కోట్లున్న జనాభా 1921లో 25.13 కోట్లకు తగ్గింది. మనం బట్టీ పట్టే "1921 మహా విభజన సంవత్సరం" వెనుక ఉన్న పెద్ద కారణాల్లో ఇది ఒకటి. అంటే రోగం వచ్చిన మూడేళ్లకు, పదేళ్లకోసారి జరిగే లెక్కలో దాని తీవ్రత తెలిసింది. అప్పటికి ఎవరికీ చేయగలిగింది ఏమీ లేదు.

స్వతంత్ర భారతంలో రిజిస్ట్రీ అన్న పద్ధతి వేళ్లూనుకుంది క్యాన్సర్ దగ్గర. 1963లో బొంబాయిలో క్యాన్సర్ రిజిస్ట్రీ మొదలైంది. 1981లో ఐసీఎంఆర్ జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని ప్రారంభించింది. క్యాన్సర్ నెమ్మదిగా నడిచే వ్యాధి, రాసుకోవడానికి సమయం ఉంటుంది. ఎమర్జెన్సీలో ఆ వెసులుబాటు లేదు. మహమ్మారిలో అసలే ఉండదు.

3. 2009: హైదరాబాద్‌లో తొలి కేసు, బ్రిటన్‌లో ఒక పాఠం

2009 మేలో మన దేశంలో హెచ్1ఎన్1 ఫ్లూ తొలి కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే. అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడికి అది నిర్ధారణ అయింది. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించింది.

ఆ మహమ్మారిలో బ్రిటన్ పరిశోధకులకు ఒక చేదు అనుభవం ఎదురైంది. ఎమర్జెన్సీకి వచ్చే రోగుల్లో ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని ఇంటికి పంపవచ్చు అని తేల్చే అధ్యయనం చేద్దామనుకుంటే, అనుమతులు వచ్చి పని మొదలయ్యేసరికి ఉధృతి దాటిపోతోంది. అందుకని ఆ తర్వాత వాళ్లు ఒక తెలివైన పని చేశారు. నమూనా పత్రం, నైతిక అనుమతి, నిధుల ఒప్పందం, ఆసుపత్రుల జాబితా అన్నీ ముందే సిద్ధం చేసి అధ్యయనాన్ని నిద్రాణ స్థితిలో ఉంచారు. మహమ్మారి వస్తే మేల్కొలపడమే మిగిలిన పని.

2020 మార్చిలో దాన్ని నిద్రలేపారు. ఫ్లూ కోసం తయారు చేసినదాన్ని కోవిడ్‌కు మలిచారు. షెఫీల్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ఈ అధ్యయనం పేరు ప్రీస్ట్. తొలి వేవ్‌లోనే 70 ఎమర్జెన్సీ విభాగాల నుంచి 22 వేలకు పైగా రోగుల వివరాలు చేరాయి.

ఇందులో రెండు విషయాలు గమనించండి. మొదటిది, వీళ్లు రాసింది కోవిడ్ నిర్ధారణ అయినవారిని మాత్రమే కాదు, అనుమానం ఉన్న ప్రతి ఒక్కరినీ. గుమ్మంలో నిలబడిన డాక్టరుకు ఆర్‌టీపీసీఆర్ ఫలితం చేతిలో ఉండదు కదా. రెండోది, చేర్చుకున్నవారితో పాటు ఇంటికి పంపినవారినీ 30 రోజుల దాకా వెంబడించారు.

ఆ సమాచారంతో ఒక స్కోరు తయారైంది. శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం, రక్తపోటు, నాడి, ఉష్ణోగ్రత, స్పృహ వంటి మామూలు కొలతలకు వయసు, లింగం, రోగి అంతకుముందు తన పనులు తాను చేసుకోగలిగేవాడా అన్న ప్రశ్న కలిపారు. స్కానింగు అక్కర్లేదు, రక్తపరీక్ష అక్కర్లేదు. ఒక నర్సు ఐదు నిమిషాల్లో వేయగల లెక్క అది.

కెనడాలోనూ 2020లో ఎమర్జెన్సీ విభాగాలు కలిసి ఇలాంటి నెట్‌వర్క్ కట్టుకున్నాయి. అక్కడా పరీక్షలో కోవిడ్ తేలినవారినీ, తేలనివారినీ ఇద్దరినీ రాశారు.

4. మన జాతీయ రిజిస్ట్రీ: మూడు వారాల్లో మారిన బొమ్మ

మన దేశం ఊరుకోలేదు. ఐసీఎంఆర్, కేంద్ర ఆరోగ్య శాఖ, ఎయిమ్స్ కలిసి కోవిడ్ జాతీయ క్లినికల్ రిజిస్ట్రీని స్థాపించాయి. 2020 సెప్టెంబర్ నుంచి ఆసుపత్రుల్లో చేరిన రోగుల వివరాలు అందులోకి చేరడం మొదలైంది. మహమ్మారి మధ్యలో ఇంత పెద్ద దేశంలో దీన్ని నిలబెట్టడం చిన్న పని కాదు.

2021 ఏప్రిల్ 19న, ఎన్‌సీఆర్‌లో బెడ్ల కోసం జనం పరుగులు తీస్తున్న రోజుల్లో, ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ బలరామ్ భార్గవ విలేకరుల సమావేశంలో ఈ రిజిస్ట్రీ మధ్యంతర లెక్కలు చెప్పారు. 40 ఆసుపత్రులు, తొలి వేవ్ నుంచి 7,600 మంది, రెండో వేవ్ నుంచి 1,885 మంది. ఊపిరాడకపోవడం 41.7 శాతం నుంచి 47.5 శాతానికి పెరిగింది. ఆక్సిజన్ అవసరం 41.1 నుంచి 54.5కు పెరిగింది. వెంటిలేటర్ అవసరం మాత్రం 37.3 నుంచి 27.8కి తగ్గింది. మరణాల శాతంలో తేడా లేదు. మరునాడు పత్రికల్లో ఈ చివరి వాక్యమే శీర్షిక అయింది.

ఇదే రిజిస్ట్రీ సమాచారాన్ని 2021 మే 11 వరకు తీసుకుని చేసిన విశ్లేషణ తర్వాత ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. ఈసారి 41 ఆసుపత్రులు, దాదాపు 19 వేల మంది రోగులు. ఆక్సిజన్ అవసరం 42.7 నుంచి 50.3 శాతానికి పెరిగింది. వెంటిలేటర్ అవసరం 11.1 నుంచి 15.9కి పెరిగింది. మరణాలు 10.2 శాతం నుంచి 13.3 శాతానికి పెరిగాయి. ఇరవై ఏళ్లలోపు వారిని మినహాయిస్తే అన్ని వయసులవారిలోనూ రెండో వేవ్‌లో చావు ముప్పు ఎక్కువగా ఉంది.

ఒకసారి ఆగి చూడండి. అదే రిజిస్ట్రీ. మధ్యలో గడిచింది మూడు వారాలు. "తేడా లేదు" అన్నది "తేడా ఉంది"గా మారింది. వెంటిలేటర్ బాణం దిశే తిరగబడింది.

దీన్ని చూసి రిజిస్ట్రీ పనికిరాదనుకుంటే పొరపాటు. మధ్యంతర లెక్కల స్వభావం ఇది. ఈ రకం లెక్కల్లో రెండు బలహీనతలు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి, నిన్న చేరిన రోగి ఫలితం ఇంకా తేలదు. ఉధృతి మొదట్లో తీసిన లెక్కలో మరణాలు తక్కువగా కనిపించే ప్రమాదం అందుకే ఉంటుంది. రెండు, హారం. ఎవరిని ఎవరితో భాగించామన్నది మారితే శాతం మారుతుంది. పాలనలో ఉండబోయే మీరు గుర్తుంచుకోవాల్సింది ఇదే: ఏ అంకె వినిపించినా "ఏ తేదీ వరకు? ఎంతమందిలో?" అని అడగండి.

అయినా ఒక విషయంలో రెండు విడుదలలూ ఒకే మాట చెప్పాయి. రెండో వేవ్‌లో గుమ్మం దాటి వచ్చేవారికి ఊపిరి కష్టం ఎక్కువ, ఆక్సిజన్ అవసరం ఎక్కువ. ఏప్రిల్ 19 నాటికే ఆ సంకేతం రిజిస్ట్రీలో ఉంది. ఈ పద్ధతికి ఉన్న విలువ అది.

5. ఆక్సిజన్ సూత్రం: హారంలో లేని మనుషులు

అవే రోజుల్లో ఎన్‌సీఆర్ ఆక్సిజన్ కోసం అల్లాడింది. ట్యాంకర్లను అడ్డుకున్నారంటూ ఢిల్లీ, హరియాణా ప్రభుత్వాలు ఒకదానిపై ఒకటి ఆరోపణలు చేసుకున్నాయి. ఫరీదాబాద్ పేరు ఆ గొడవలో పదేపదే వినిపించింది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది.

కేంద్రం ఆక్సిజన్ కేటాయింపుకు వాడిన సూత్రం ఇది: ఐసీయూ పడకకు నిమిషానికి 24 లీటర్లు, ఐసీయూ కాని పడకల్లో సగానికి ఆక్సిజన్ అవసరమనుకుని ఒక్కోదానికి నిమిషానికి 10 లీటర్లు.

ఒక ఊహా ఆసుపత్రి తీసుకుని లెక్క వేద్దాం. 100 పడకలు, అందులో ఐసీయూ 20. ఐసీయూకు 20 ఇంటూ 24, అంటే 480 లీటర్లు. మిగతా 80లో సగం, 40 ఇంటూ 10, అంటే 400 లీటర్లు. మొత్తం నిమిషానికి 880 లీటర్లు.

ఆ "సగం" అన్న అంచనా మరీ తప్పు కాదు. చేరిన రోగుల్లో 50.3 శాతానికి ఆక్సిజన్ అవసరమైందని తర్వాత రిజిస్ట్రీ చూపించింది. రెండూ సరిగ్గా ఒకే కొలత కావు గానీ, దగ్గరగానే ఉన్నాయి. లోపం శాతంలో లేదు, హారంలో ఉంది. అదే ఆసుపత్రి ఎమర్జెన్సీలో, వరండాలో, బయట అంబులెన్సుల్లో ఇంకో 20 మంది ఆక్సిజన్ మీద ఉన్నారనుకోండి. వాళ్లకు నిమిషానికి 200 లీటర్లు కావాలి. సూత్రంలో వాళ్ల వాటా సున్నా. ఎందుకంటే వాళ్లకు పడక లేదు.

జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం విచారణలో ఈ సూత్రాన్ని మళ్లీ చూడాలని చెప్పింది. పడక దొరకనివారికీ, ఇంట్లో ఉన్నవారికీ, అంబులెన్సుల్లోనివారికీ ఆక్సిజన్ కావాలి కదా అన్నది కోర్టు వేసిన ప్రశ్న. 2021 మేలో 12 మంది సభ్యులతో జాతీయ టాస్క్ ఫోర్స్‌ను ఏర్పాటు చేసింది.

ఇప్పుడు రెండిటినీ పక్కపక్కన పెట్టండి. ఆక్సిజన్ సూత్రం పడకను లెక్కించింది. జాతీయ రిజిస్ట్రీ పడకలో చేరిన మనిషిని లెక్కించింది. గుమ్మంలో ఉన్న మనిషి రెండిట్లోనూ లేడు. గుమ్మం దగ్గర ఒక రిజిస్ట్రీ ఉండి ఉంటే, ఏ ఆసుపత్రి తలుపు దగ్గర ఎంతమంది ఎంత ఆక్సిజన్‌తో నిలబడ్డారో రోజూ తెలిసేది. ట్యాంకరు ఎటు పోవాలన్న వాదన అంకెల మీద నడిచేది.

6. ఫరీదాబాద్ చూపిన దారి

ఈ వ్యాసాన్ని ఫరీదాబాద్ చుట్టూ అల్లడానికి మామయ్య ఒక్కరే కారణం కాదు. విభజన తర్వాత వాయవ్య సరిహద్దు ప్రాంతం నుంచి వచ్చిన శరణార్థుల కోసం వెలసిన ఈ ఊరు పారిశ్రామిక పట్టణంగా ఎదిగింది. కార్మికులు ఎక్కువ, అందుకే ఇక్కడి ఈఎస్‌ఐసీ వైద్య కళాశాల ఆసుపత్రి ప్రధానమైనది. 2020లో అది కోవిడ్ ఆసుపత్రిగా మారింది. ఫరీదాబాద్-గురుగ్రామ్ రోడ్డు మీద కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కింద ట్రాన్స్‌లేషనల్ హెల్త్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్, టీహెచ్ఎస్‌టీఐ ఉంది.

2021 ఏప్రిల్, మే నెలల్లో, డెల్టా ఉధృతి మధ్యలో, ఈ సంస్థ శాస్త్రవేత్తలు ఒక ప్రశ్న వేసుకున్నారు: కోవిషీల్డ్ డెల్టా మీద పనిచేస్తోందా? జవాబు కోసం కొత్త ప్రయోగం మొదలుపెట్టే సమయం లేదు. ఫరీదాబాద్‌లోని రెండు కేంద్రాల్లో ఆర్‌టీపీసీఆర్ పరీక్షకు వచ్చినవారిని తీసుకున్నారు. పాజిటివ్ వచ్చిన 2,379 మందిని, నెగటివ్ వచ్చిన 1,981 మందితో పోల్చారు. పరీక్ష జరిగిన వారం బట్టి వీరిని జతకట్టారు, ఎందుకంటే ఉధృతి వారం వారం మారుతుంది. రెండు డోసులు పూర్తయినవారికి ఇన్ఫెక్షన్ నుంచి 63 శాతం, మధ్యస్థ, తీవ్ర జబ్బు నుంచి 81 శాతం రక్షణ ఉందని తేలింది. అదే ఏడాది నవంబర్‌లో ఈ అధ్యయనం లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో వచ్చింది.

ఇందులో మన అంశానికి కావాల్సిన కీలకం ఏమిటో చూశారా? పరీక్ష కౌంటరు కూడా ఒక గుమ్మమే. అక్కడ పాజిటివ్ వచ్చినవారినీ, నెగటివ్ వచ్చినవారినీ ఇద్దరినీ రాశారు కాబట్టే పోలిక సాధ్యమైంది. పాజిటివ్‌ల జాబితా మాత్రమే ఉంటే ఈ ప్రశ్నకు జవాబు దొరికేది కాదు.

ఇంకో సంగతి. ఇదే సంస్థ 2015 నుంచే గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రిలో గర్భిణులను ప్రసవం దాకా వెంబడించే పెద్ద అధ్యయనం నడుపుతోంది. క్రమశిక్షణతో లెక్క రాసే అలవాటు అక్కడ మహమ్మారికి ముందే ఉంది. బ్రిటన్ వారి నిద్రాణ అధ్యయనం కథా ఇదే చెబుతుంది. వరద వచ్చాక కట్ట కట్టలేం.

7. అభ్యంతరాలు, వాటి బరువు

మంచి వ్యాసంలో ఎదుటి వాదన కూడా ఉండాలి. ఇక్కడ మూడు ఉన్నాయి.

మొదటిది: రాసేదెవరు? ఒక్క డాక్టరు, అరవై మంది రోగులు. ప్రతి గడి నింపే నిమిషమూ ఒక రోగి దగ్గర్నుంచి తీసుకున్న నిమిషమే. ఇది నిజమైన అభ్యంతరం. అందుకే గడులు తక్కువ ఉండాలి, రాసే మనిషి డాక్టరు కాకూడదు, ఆ మనిషి ముందే ఉద్యోగంలో ఉండాలి.

రెండోది: గోప్యత. 2017లో పుట్టస్వామి తీర్పులో సుప్రీంకోర్టు ఇక్కడ ఒక గీత గీసింది. వ్యక్తి వైద్య రికార్డును అనుమతి లేకుండా బయటపెట్టడం గోప్యతకు భంగం. కానీ అంటువ్యాధిని అర్థం చేసుకోవడానికి, వ్యక్తి ఎవరో తెలియకుండా ఆసుపత్రి రికార్డులను విశ్లేషించడంలో రాజ్యానికి న్యాయమైన ప్రయోజనం ఉందని చెప్పింది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వైద్య అత్యవసరానికి, అంటువ్యాధికి చోటు ఇచ్చింది. కాబట్టి పేరు తీసేసి రాయడం ఎలా అన్నదే ప్రశ్న. రాయాలా వద్దా అన్నది కాదు.

మూడోది: రిజిస్ట్రీ అన్నిటికీ జవాబు చెప్పదు. ఏ మందు పనిచేస్తుందో తేల్చేది ప్రయోగం. కాన్వలసెంట్ ప్లాస్మా కోసం జనం ఎంత తిరిగారో గుర్తుందా? ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద జరిపిన ప్లాసిడ్ ప్రయోగంలో దానితో మరణాలు తగ్గలేదని 2020లోనే తేలింది. మార్గదర్శకాల నుంచి దాన్ని తీసేసింది 2021 మే 17న. ఎవరికి ముప్పు ఎక్కువో రిజిస్ట్రీ చెబుతుంది. ఏ చికిత్స ఆ ముప్పును తగ్గిస్తుందో ప్రయోగం చెబుతుంది. ఒకదాని పని ఇంకోదానికి అప్పగించకూడదు.

8. ముందుకు దారి

- ఒక పేజీ పత్రం. వచ్చిన సమయం, వయసు, లింగం, శ్వాస వేగం, గది గాలిలో ఆక్సిజన్ శాతం, నాడి, రక్తపోటు, ఉష్ణోగ్రత, స్పృహ, తన పని తాను చేసుకోగలడా, ఎక్కడికి పంపారు, 30వ రోజు ఎలా ఉన్నాడు. ఈ పన్నెండు గడులు చాలు.
- "ఎక్కడికి పంపారు" అన్న గడిలో "ఇంటికి", "పడక లేక వేరే చోటికి" తప్పనిసరిగా ఉండాలి. వెనక్కి పంపడం తప్పు అని రాయించడానికి కాదు. ఆ మనిషి లెక్కలోంచి జారిపోకుండా ఉండటానికి.
- 30వ రోజు ఒక ఫోన్. వెంబడించడం ఎంత విలువైనదో మన జాతీయ రిజిస్ట్రీయే చూపించింది. 31 ఆసుపత్రుల నుంచి డిశ్చార్జి అయిన 14,419 మందిని ఏడాది వెంబడిస్తే 942 మంది, అంటే 6.5 శాతం, ఇంటికెళ్లాక చనిపోయారని తేలింది. డిశ్చార్జి కాగితంతో కథ ముగియదు.
- 108తో అనుసంధానం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవలో అంబులెన్సు సిబ్బంది రోగి వివరాలు రాస్తారు. ఆ కాగితం ఆసుపత్రి పత్రంతో కలిస్తే గుమ్మం ముందు జరిగింది కూడా తెలుస్తుంది. 2021లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇందుకు వేదిక కాగలదు.
- నిద్రాణ ఒప్పందం. నైతిక అనుమతి, నిధులు, శిక్షణ ముందే పూర్తిచేసి ప్రతి రాష్ట్రంలో కొన్ని ఎమర్జెన్సీ విభాగాలను సిద్ధంగా ఉంచడం. వడదెబ్బలకు, డెంగీకి ఏటా ఒకసారి నడిపి చూస్తే చేయి తిరుగుతుంది.
- రాసినవారికి తిరిగి చెప్పడం. వారం చివర ఆ ఎమర్జెన్సీ విభాగానికే దాని లెక్క తిరిగి రావాలి. పైకి మాత్రమే పోయే సమాచారాన్ని కింద ఎవరూ శ్రద్ధగా రాయరు.

ముగింపు

1918లో మునసబు దగ్గర గడి లేదు, అందుకే ఇన్‌ఫ్లుయెంజా జ్వరంగా మిగిలిపోయింది. 2021లో మన దగ్గర గడులున్నాయి, కానీ అవి పడక దగ్గర మొదలయ్యాయి. ఫరీదాబాద్‌లో ఈ రోజు జీవశాస్త్ర సమాచారాన్ని దాచే జాతీయ కేంద్రం కూడా ఉంది. ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్ 2022 నవంబర్‌లో అక్కడే ప్రారంభమైంది. వైరస్ జన్యుక్రమాన్ని దాచుకునే చోటు దొరికింది. ఆ వైరస్‌తో ఆటోలో వచ్చి గుమ్మంలో నిలబడిన మనిషిని రాసుకునే చోటు కూడా కావాలి.

మామయ్య ఇప్పుడు బాగానే ఉన్నారు, మళ్లీ షిఫ్టులకు వెళ్తున్నారు. ఆ రాత్రి గేటు దగ్గర ఆయన ఫోన్ నంబరు రాసుకున్న ఆసుపత్రి నుంచి ఇంతవరకు ఫోను రాలేదు. ఒక్క ఫోను చేసి "బతికారా?" అని అడిగి ఉంటే, ఆ నోటు పుస్తకం రిజిస్ట్రీ అయ్యేది.

సాధన ప్రశ్నలు

1. "అంటువ్యాధుల చరిత్ర అంటే లెక్కలోకి రాని మనుషుల చరిత్ర." 1918, 2021 అనుభవాల ఆధారంగా చర్చించండి. (250 పదాలు)
2. నిఘా వ్యవస్థకు, రోగుల రిజిస్ట్రీకి తేడా ఏమిటి? ఎమర్జెన్సీ సేవల మెరుగుదలలో రిజిస్ట్రీ పాత్రను, పరిమితులను వివరించండి. (150 పదాలు)
3. మీరు జిల్లా కలెక్టరు. ఉధృతి మధ్యలో మధ్యంతర లెక్క ఒకటి మీ ముందుంది, "మరణాల్లో తేడా లేదు" అంటోంది. ఆసుపత్రుల నుంచి వినిపించే మాట దానికి భిన్నంగా ఉంది. మీ నిర్ణయం ఏమిటి, ఎందుకు? (జీఎస్-4)

జవాబులు రాసి కామెంట్లలో పెట్టండి, చదివి చెబుతాను. అంకెలు రాసేటప్పుడు తేదీ, హారం మరిచిపోకండి.